పాలిచ్చే తల్లి రొమ్ములో గడ్డ

బాలింత రొమ్ములో గడ్డ చేతికి తగిలినప్పుడు ఇంటి పెద్దలు “పాలగడ్డ, దానంతట అదే కరుగుతుంది” అంటారు. తరచుగా వారి మాట నిజమే అవుతుంది. అయినను దానిని నిర్ధారించవలసినవారు వైద్యులు. సుమారు 3,000 గర్భాలకు ఒకటి చొప్పున రొమ్ము క్యాన్సర్ కనబడుతున్నదని వైద్యుల అంచనా. సంఖ్య స్వల్పమే. కాని ఆ దినములలో రొమ్ములు సహజముగానే బరువెక్కి గట్టిపడుటచే గడ్డ ఆలస్యముగా తెలుస్తుంది. తెలిసిన పిదప “కాన్పు కానీ, చూద్దాం” అని వాయిదా వేస్తారు. హాని అంతయు ఈ జాప్యములోనే ఉన్నది.

నిరపాయకరమైన గడ్డలు పలు విధములు. పాలనాళము మూసుకొని పాలు తిత్తివలె నిలిచినచో దానిని గాలక్టోసీల్ అంటారు. సూదితో లాగగా పాలే వచ్చును గనుక రోగనిర్ణయము, చికిత్స ఒక్కసారే ముగుస్తాయి. లాక్టేటింగ్ అడినోమా అనునది గర్భము చివరి నెలలలోనో, పాలిచ్చే కాలములోనో పుట్టి, బిడ్డ పాలు మానిన తరువాత సాధారణముగా కుంచించుకొనిపోతుంది. పూర్వమే ఉన్న ఫైబ్రోఅడినోమా హార్మోనుల ప్రభావముతో పెరుగవచ్చును. జ్వరము, ఎరుపు, సలుపు కలిగినచో అది వాపు లేదా చీముగడ్డ కావచ్చును. మందులు వాడినను ఆ ఎరుపు తగ్గకున్న తిరిగి పరీక్ష తప్పదు. అరుదుగా క్యాన్సర్ సైతము ఈ రూపములోనే వస్తుంది.

రెండు వారములు దాటినను పోని గడ్డను వైద్యులకు చూపవలెను. పరీక్షకు ముందు బిడ్డకు పాలిచ్చినచో రొమ్ము మెత్తబడి గడ్డ స్పష్టముగా తెలుస్తుంది. మొదట చేయవలసినది అల్ట్రాసౌండ్. అందులో ఎక్స్‌రే కిరణములు లేవు. అవసరమైనచో మామోగ్రామ్ కూడ తీయవచ్చును, గర్భస్థ శిశువుకు చేరే కిరణముల మోతాదు అత్యల్పము. సందేహము మిగిలిన యెడల గడ్డ ఉన్నచోట మాత్రమే మత్తు ఇచ్చి, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఆ గాయము నుండి పాలు కారుట సంభవమే గాని అరుదు. ఇక్కడ ఒక ముఖ్య విషయము: ఆమె గర్భవతియో, బాలింతయో ల్యాబుకు పంపే చీటీలో తప్పక వ్రాయించవలెను. ఈ కాలపు సహజమైన కణముల మార్పులు తెలియనివారికి క్యాన్సర్‌వలె భ్రమ గొల్పగలవు.

స్త్రీ వైద్యురాలు కావలెనని కోరుట సమంజసమే. ఆమె దొరకలేదని పరీక్షనే మానుకొనుట మాత్రము సిగ్గు పేరిట ప్రాణముతో చెలగాటము. అట్లే గడ్డ కనబడగానే బిడ్డకు పాలు మాన్పించుట మరొక పొరపాటు. పూర్తి రెండు సంవత్సరములు పాలిచ్చుటను ఖుర్ఆన్ ప్రస్తావించిన సంగతి మన విద్యార్థినులకు విదితమే. అల్ట్రాసౌండ్, మామోగ్రామ్, సూది పరీక్ష, వీనిలో ఏ ఒక్కటీ పాలు ఆపుటకు కారణము కాదు. వాపు వచ్చిన రొమ్ము నుండి హఠాత్తుగా పాలు మాన్పించినచో లోపల పాలు నిలిచి చీముపట్టే అవకాశము పెరుగుతుంది.