వడియాల కోసం నాలుగడుగులు

మా బ్రాంచ్‌లో లోడ్ అంటే సర్వర్ మీద పడేది. ఎక్కువైతే ఇంకో సర్వర్ తగిలిస్తాం, అయిపోతుంది. ఇంటి మీద పడే లోడ్ సంగతి మాత్రం పోయిన వేసవి సెలవుల్లోనే తెలిసింది నాకు.

తెనాలిలో మాది పాత డాబా ఇల్లు. నేను చదువుకోడానికని నాన్న పీఎఫ్ డబ్బులు తీసి పైన ఒక గది వేయించారు. మూడు గోడలు కింది బీముల మీదే లేచాయి. నాలుగోది కూడా అలాగే రావాలి. కానీ నాయనమ్మ "వడియాలు ఎండబెట్టుకోడానికి కాస్త చోటు ఉంచరా" అంది. నాన్న ఆ గోడని నాలుగడుగులు లోపలికి జరిపించారు. మేస్త్రీ కూడా "ఏం కాదండీ, స్లాబు గట్టిగానే ఉంది" అన్నాడు. అలా ఆ గోడ బీము మీద కాకుండా ఉత్త స్లాబు మీద నిలబడింది. సరిగ్గా దాని కిందే నాయనమ్మ మంచం.

ఏడాది తిరిగేసరికి మేడ గది తలుపు గీసుకోవడం మొదలైంది. వానలకి చెక్క ఉబ్బిందనుకున్నాం. తర్వాత తలుపు మూల నుంచి ఏటవాలుగా ఒక పగులు. ఆ తర్వాత కింద, నాయనమ్మ మంచం పైన, స్లాబు అడుగున గోడ వెంబడే పొడుగ్గా ఒక గీత.

నాన్న సున్నం కొట్టించేద్దాం అన్నారు. ఇంజనీర్‌ని పిలిస్తే తప్పు ఎవరిదో తేలుతుందని ఆయన భయం అని నాకు అర్థమైంది. చివరికి మా వీధిలోనే ఉండే రిటైర్డ్ ఇంజనీర్ గారిని నేనే తీసుకొచ్చాను.

ఆయన పేపర్ మీద లెక్క వేసి చూపించారు. మన ఐఎస్ 875 ప్రకారం మనుషులు తిరిగే డాబా మీద చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్కేస్తారు, గదుల్లో అయితే 200. తొమ్మిదంగుళాల ఇటుక గోడ పదడుగుల ఎత్తు కడితే, మీటరు పొడవుకే దాదాపు 1300 కిలోలు! బీము మీద ఉంటే ఆ బరువు పిల్లర్లలోకి, పునాదిలోకి, నేలలోకి దారి చూసుకుని వెళ్తుంది. స్లాబు మధ్యలో ఉంటే అంతా ఆ ఐదంగుళాల కాంక్రీటే మోయాలి. అప్పుడు స్లాబు కిందికి వంగుతుంది, అడుగు భాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది కానీ లాగితే పగులుతుంది. అందుకే గీత అడుగున వచ్చింది.

"పడిపోలేదు కదండీ" అన్నారు నాన్న. "పడిపోకపోవడం ఒక్కటే పరీక్ష కాదండీ. పగులు ఆగిందా, నడుస్తోందా అన్నది చూడాలి" అన్నారాయన.

చూడటం చాలా సులువు. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీత గీసి తేదీ రాయాలి. వెడల్పు కొలిచి రాసుకోవాలి. ప్లాస్టింగ్‌లో వచ్చే వెంట్రుకలాంటి గీతలు చాలావరకు ఎండినప్పుడు వచ్చేవే, వాటికి కంగారు పడక్కర్లేదు. గీత దాటి పెరిగేవి, ఏటవాలువి, తుప్పు మరకతో పెచ్చులూడేవి, తలుపులు బిగిసిపోయేలా చేసేవి అయితే వెంటనే చూపించాలి. మాది మూడు వారాల్లో గీత దాటింది.

అసలు ఆయన వచ్చిన రోజే నాయనమ్మ మంచం హాల్లోకి మార్పించారు. గీత దాటాక కింద జాకీలు నిలబెట్టి, ముందు బరువు తీసేశారు. అంటే నాలుగో గోడ పడగొట్టి, ఇనుప ఫ్రేముకి సిమెంటు బోర్డులు బిగించారు. తర్వాత స్లాబు కింద ఒక ఐ సెక్షన్ ఇనుప దూలం వేసి, దాని కొసలు రెండువైపులా పిల్లర్లకి ఆనించారు. అంతకంటే ముందు ఒక పిల్లర్ పక్కన తవ్వి, పునాది ఈ బరువుకి చాలుతుందో లేదో కూడా చూశారు.

ఖర్చు గది కట్టినదాంట్లో సగం అయింది. గది వేయకముందే ఆయన్ని పిలిచి ఉంటే చాయ్ ఖర్చుతో పోయేది.

అంతా అయ్యాక నాయనమ్మకి సంగతి చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత నాన్నతో, "చోటు లేదని చెబితే మంచం మీదే ఎండబెట్టుకునేదాన్ని కదరా" అంది.

మీ ఇంట్లో కూడా పైన గది వేద్దాం అనే మాట వస్తే, "గోడ కింద బీము ఉందా?" అని ఒక్క ప్రశ్న అడగండి. సివిల్ బ్రాంచ్ కానక్కర్లేదు.