సైలెన్సరు తీసిన బండికి బలము పెరుగునా?

గత వేసవిలో రంగారెడ్డి జిల్లాలోని ఒక గ్రామమునకు టమాట తోటలు చూచుటకు వెళ్ళితిని. ఊరి బయటి గడ్డమీదికి ఒక పాత పికప్పు బండి చెవులు పగులు మోతతో ఎక్కుచుండెను. సగము ఎక్కిన పిమ్మట అది ఆగిపోయెను. బండి యజమాని ఒక రైతు. లాగుడు తగ్గినదని మెకానిక్కు వద్దకు పోగా, అతడు సైలెన్సరును కోసి లోపలి రేకులను తీసివేసి, ఖాళీ డబ్బాను మరల అతికించెనట. “సారూ, సప్పుడు పెరిగింది గానీ గుంజుడు పెరగలే” అని ఆ రైతు వాపోయెను.

ఇట్టి మార్పు పెక్కు గ్రామములలో పికప్పు బండ్లకు, ట్రాక్టర్లకు చేయించుచున్నారు. చప్పుడు ఎక్కువైనచో బలము ఎక్కువైనట్లు తోచుట సహజము. కాని ఈ రెండును వేరు వేరు సంగతులు. ఎట్లో చూతము.

సైలెన్సరు చేయు పని

ఇంజనులో ప్రతి సిలిండరు గాలిని పీల్చుట, నొక్కుట, ఇంధనమును మండించి శక్తినిచ్చుట, పొగను వెడలగొట్టుట అను నాలుగు పనులను రెండు చుట్లలో పూర్తిచేయును. పొగ వెడలు వాల్వు తెరచుకొనగానే, ఇంకను ఒత్తిడితో నున్న వేడి వాయువు ఒక్కసారిగా గొట్టములోనికి దూకును. చప్పుడునకు ముఖ్యకారణ మిదియే. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు ఇట్టి దూకుళ్ళు 4,000 జరుగును.

సైలెన్సరు డబ్బాలో రంధ్రములు గల గొట్టములు, చిన్న గదులు, అడ్డురేకులు ఉండును. వాయువు వీటిలో వ్యాపించి నెమ్మదించును. శబ్ద తరంగములు గోడలకు తగిలి మరలి వచ్చి, ఎదురు వచ్చు తరంగములను చాలవరకు అణచివేయును. ఈ సాధనమునకు 1897లోనే అమెరికాలో రీవ్స్ సోదరులు పేటెంటు పొందిరి. అనగా ఇది బండికి అలంకారముగా తగిలించిన డబ్బా కాదు. ఇంజనుతో కలిపి లెక్కగట్టి తయారుచేసిన భాగము.

బలము ఎక్కడ నుండి వచ్చును?

డీజిలు ఇంజను బలము రెండింటిపై ఆధారపడును: లోనికి వచ్చు గాలి, దానికి తగినంత డీజిలు. డీజిలు ఎంత పడవలెనో పంపుగాని, కొత్త బండ్లలో కంప్యూటరుగాని నిర్ణయించును. వెనుక గొట్టమును మార్చినంత మాత్రమున డీజిలు ఎక్కువ పడదు. డీజిలు పెరుగనిదే బలము అంతగా పెరుగదు.

అయితే మెకానిక్కులు చెప్పుదానిలో కొంత నిజము లేకపోలేదు. పొగను బయటికి నెట్టుటకు ఇంజను కొంత శక్తిని ఖర్చుచేయును. సైలెన్సరు అడ్డును తగ్గించినచో ఆ ఖర్చు కొంచెము తగ్గును. పందెపు కార్లలో పొగగొట్టముల పొడవును, వెడల్పును లెక్కగట్టి, ఇంధనమును కూడ దానికి తగినట్లు సవరించి లాభము పొందుదురు. ఆ లాభము ఇంజను మిక్కిలి వేగముగా తిరుగునపుడు కనిపించును. మన బండి బరువుతో గడ్డ ఎక్కునపుడు ఇంజను తక్కువ వేగములోనే ఉండును. అప్పుడు వెడలు వాయువు తక్కువ. దానికి కలుగు అడ్డు కూడ తక్కువే. తగ్గించుటకు అచ్చట పెద్దగా ఏమియు లేదు.

నమ్మకము లేనివారు స్వయముగా పరీక్షించవచ్చును. ఒకే గడ్డను, ఒకే బరువుతో, ఒకే గేరులో ఎక్కించి, మార్పునకు ముందు, తరువాత గడియారముతో కాలమును చూడవలెను. టాంకు నింపి పది ట్రిప్పులు తిప్పి, మరల నింపి ఎంత డీజిలు పట్టినదో వ్రాసికొనవలెను. చెవి మోసపోవును; లెక్క మోసపోదు.

చెవికి కలుగు నష్టము

శబ్దమును డెసిబెల్లులలో కొలుతురు. 10 డెసిబెల్లులు పెరిగినచో శబ్దశక్తి పదిరెట్లగును. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 85 డెసిబెల్లులకు రోజునకు 8 గంటలు. ప్రతి 3 డెసిబెల్లులకు ఈ కాలము సగమగును. 88 అయినచో 4 గంటలు, 91 అయినచో 2 గంటలు, 94 అయినచో ఒక గంట, 100 అయినచో పావుగంట మాత్రమే.

చెవిలోపల శబ్దమును గ్రహించు సన్నని రోమకణములు ఉండును. పెద్ద శబ్దమునకు అవి చచ్చినచో తిరిగి మొలవవు. బండి దిగిన తరువాత చెవిలో గుయ్యిమను మోత, పిల్లల మాటలు స్పష్టముగా వినబడకపోవుట మొదటి గుర్తులు. గుర్తు కనిపించిన వెంటనే చెవి డాక్టరునకు చూపించవలెను. పోయిన వినికిడిని మందులు తిరిగి తేజాలవు. సైలెన్సరు వెల కంటె చెవి వెల ఎంతో ఎక్కువ.

నిప్పు భయము, చట్టము

సైలెన్సరు చప్పుడునే కాక, పొగతో వచ్చు మసి నిప్పురవ్వలను కూడ కొంతవరకు ఆపును. వరిగడ్డి, పత్తి తీసికొని పోవు బండికి ఇది ప్రాణరక్షణ వంటిది. ట్రాక్టరు పొగగొట్టము నుండి ఎగిరిన ఒక్క రవ్వ గడ్డివామును, ట్రాలీని దహించగలదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమ్మకమునకు వచ్చిన బి.ఎస్. 6 డీజిలు బండ్లలో సాధారణముగా మసిని పట్టు జల్లెడ ఉండును. అది మసిని కాల్చుకొనునపుడు సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడి పుట్టును. అట్టి బండిని ఎండుగడ్డిపై నిలుపరాదు. ఆ జల్లెడను తీసివేసినచో హెచ్చరిక దీపము వెలుగును; కంపెనీ గ్యారంటీ పోవు ప్రమాదము కూడ కలదు.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఇష్టము వచ్చినట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 సవరణ ప్రకారము అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణములను మీరి బండి నడిపినచో 10,000 రూపాయల వరకు జరిమానా కలదు.

లాగుడు తగ్గినచో చేయవలసినది

1. ముందుగా ఎయిర్ క్లీనరు చూడవలెను. మన మట్టిరోడ్ల దుమ్ముతో అది త్వరగా మూసుకొనిపోవును.

2. డీజిలు ఫిల్టరును గడువు ప్రకారము మార్చవలెను.

3. ఒక్కొక్క చక్రమును జాకీపై లేపి, గేరు న్యూట్రలులో నుంచి, హాండ్ బ్రేకు వదలి, చేతితో త్రిప్పవలెను. బిగుసుకొన్నచో బ్రేకు పట్టుచున్నదని గ్రహింపవలెను. టైర్ల గాలి కూడ చూడవలెను.

4. పొగ రంగును గమనించవలెను. నల్లపొగ గాలి చాలకనో, డీజిలు ఎక్కువయ్యో వచ్చును. నీలిపొగ ఇంజను ఆయిలు కాలుటకు గుర్తు. ఇంజను వేడెక్కిన తరువాత కూడ తెల్లపొగ విడువకున్నచో మెకానిక్కునకు చూపవలెను.

5. గొట్టముల అతుకుల వద్ద నల్లని మసి చారలున్నచో గాస్కెట్టు కారుచున్నదని అర్థము.

6. సైలెన్సరు మసితో పూడినను, నొక్కుకొనినను, తుప్పు పట్టినను నిజముగానే లాగుడు తగ్గును. అప్పుడు అదే రకపు కొత్తది వేయించవలెను. లోపలి రేకులు తీయించరాదు.

పైన చెప్పిన రైతు బండిని ఇట్లే పరీక్షింపజేసితిమి. ఎయిర్ క్లీనరు మట్టితో నిండియుండెను. వెనుక చక్రము ఒకటి బ్రేకు పట్టుకొనియుండెను. ఆ రెండును బాగుచేయించి, కొత్త సైలెన్సరు బిగించిన తరువాత అదే గడ్డను అదే బరువుతో ఆగకుండ ఎక్కినది. చెవిలో మోత కొన్ని వారములుగా ఉన్నదని అతడు చెప్పగా ప్రభుత్వాసుపత్రికి పంపితిమి.

గ్రామాధికారులును, వ్యవసాయ విస్తరణాధికారులును రైతు వేదిక సమావేశములలో ఈ విషయమును వివరింపవలెను. గడ్డి, పత్తి తోలకములు మొదలగుటకు ముందే ఊరిలోని బండ్ల పొగగొట్టములను చూపించుకొనునట్లు చేయవలెను. రైతు సోదరులు బండి బలమును చప్పుడులో వెదుకక, గాలి, డీజిలు, బ్రేకులలో వెదకుదురుగాక.