పెరటి బిళ్ళగన్నేరు

నీరు పోయకున్నను గోడ ప్రక్కను నిండుగా బూచు బిళ్ళగన్నేరు నెఱుఁగనివారు మనలో నుండరు. తెల్లని, గులాబివన్నె పూవులను బూజకుఁ గోయుదుము. ఆకు చేఁదగుటచేఁ బశువులు దానిని ముట్టవు. ఆ చేఁదులోనే మహోపకార మొకటి దాఁగియున్నది.

ఈ మొక్కకు జన్మస్థానము మడగాస్కరు ద్వీపము. జమైకాలో దీని యాకుల కషాయమును మధుమేహమునకుఁ ద్రాగుచుండిరి. 1952లో నా యాకులు కెనడా చేరినవి. అచట రాబర్టు నోబిల్, చార్లెసు బీరు అను శాస్త్రజ్ఞులు దీని రసమును ఎలుకల కెక్కించి చూడఁగా, నెత్తుటిలోఁ జక్కెర తగ్గలేదు. తెల్లకణములు మాత్రము మిక్కిలి తగ్గినవి. తెల్లకణములు మితిమీఱి పెరుగుటయే గదా రక్తపు క్యాన్సరు! ఆ సూచన ననుసరించి వారు వేఱుచేసిన విన్‌బ్లాస్టిన్ అను సారము 1958లో వెల్లడియైనది. పిదప అమెరికాలో విన్‌క్రిస్టిన్ లభించి, 1963లో వాడుకకు ననుమతి పొందినది. బిడ్డల రక్తపు క్యాన్సరునకు నేఁటికిని నిచ్చు మందులలో నిది ముఖ్యము.

ఒక కణము రెండగునపుడు లోపల సన్నని దారములవంటివి యేర్పడి, క్రోమోజోములను ఇరువైపులకు లాగును. ఈ మందు ఆ దారముల నేర్పడనీయదు. కణము విభజింపఁజాలక నశించును. మంచికణములకును హాని కలుగుటచేతనే రోగికి జుట్టు రాలును, చేతులు కాళ్ళు తిమ్మిరెక్కును.

అట్టి సారము గల యాకును, పొరుగమ్మ చెప్పినదని పరగడుపున నమలువారిని మే మెఱుఁగుదుము. ఈ మొక్కలో నూటికిఁ బైగా ఆల్కలాయిడ్లు గలవు. వందల కిలోల యెండుటాకులనుండి గాని కొద్ది గ్రాముల మందు రాదు. కావునఁ గషాయముచేఁ గ్యాన్సరు కుదురదు. వాంతులు, నరముల బాధ మాత్రము కలుగవచ్చును. చక్కెరవ్యాధికి మాత్రలు మ్రింగువారికి మఱింత యపాయము.

బిడ్డకు విడువని జ్వరము, పాలిపోయిన మొగము, దెబ్బ తగులకయే కమిలిన మచ్చలు కనఁబడినచో, ఆకులు వెదకక వెంటనే వైద్యుని యొద్దకుఁ గొనిపోవలయును. సకాలమునఁ బూర్తి చికిత్స పొందిన బిడ్డలలో ననేకులు స్వస్థులగుచున్నారు. పూవు దేవునికి, ఆకు శాస్త్రజ్ఞునికి విడుచుట మనకు క్షేమము.