పొట్టివాళ్లకూ బుట్ట అందుతుంది

అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మనం కొత్త బడికి వెళ్తాం. అక్కడ బాస్కెట్‌బాల్ ఆడడానికి వెళ్తే అందరూ ముందు చూసేది మన ఎత్తునే. "నువ్వు బయట ఉండి పాస్ ఇవ్వు చాలు" అంటారు. పొట్టిగా ఉన్నవాళ్లం రింగ్ దాకా వెళ్లి స్కోరు చేయలేమా? చేయగలం. ఎలాగో చూద్దాం.

రింగ్ నేల నుంచి 10 అడుగుల ఎత్తులో, అంటే 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను కనిపెట్టినప్పుడు వ్యాయామశాల బాల్కనీకి పండ్ల బుట్టలు కట్టించాడు. ఆ బాల్కనీ 10 అడుగుల ఎత్తులో ఉంది. ఆ కొలతే నేటికీ నిలిచింది. రింగ్ వెడల్పు 45 సెంటీమీటర్లు, బంతి వెడల్పు సుమారు 24. బంతి పైనుంచి దిగితే చోటుకు కొదవ లేదు. మనకు అడ్డు రింగ్ కాదు, దాని ముందు చేతులు చాపి నిలబడే పొడుగు ఆటగాడు. అతన్ని ఎత్తులో గెలవలేం కానీ సమయంలో గెలవగలం.

మామూలు లేఅప్‌లో రెండు అడుగులు వేసి ఎగురుతాం. ఆ లెక్క అతనికీ తెలుసు. రెండో అడుగు కోసం కాచుకుని ఉంటాడు. కాబట్టి అప్పుడప్పుడు మొదటి అడుగుతోనే ఎగిరి బంతి వదిలేయాలి. లేదా మొదటి అడుగు ఒక వైపు, రెండోది పొడవుగా మరో వైపు వేయాలి. దీన్నే యూరోస్టెప్ అంటారు.

ఫ్లోటర్ అయితే రింగ్‌కు రెండు మూడు మీటర్ల ముందే వేళ్ల కొసలతో బంతిని మెత్తగా, బాగా ఎత్తుగా వదలాలి. ఇక్కడ నియమం మన పక్షాన ఉంది. రింగ్ కంటే పైన ఉన్న బంతి బుట్ట వైపు దిగడం మొదలుపెట్టాక గానీ, బోర్డుకు తగిలాక గానీ డిఫెండర్ ముట్టకూడదు. ముట్టుకుంటే మనకు పాయింట్లు ఇచ్చేస్తారు. అందుకే లేఅప్‌లో కూడా బంతిని త్వరగా బోర్డుకు తాకించాలి.

మూడోది రివర్స్ లేఅప్. రింగ్ కింద నుంచి దాటి అవతలి వైపు వేస్తే, రింగ్, వల రెండూ అతని చేతికి అడ్డం పడతాయి.

ఇది వట్టి ఆశ కాదు. 5 అడుగుల 3 అంగుళాల మగ్సీ బోగ్స్ ఎన్‌బీఏలో 14 సీజన్లు ఆడాడు. 6 అడుగుల అలెన్ ఐవర్సన్ అక్కడి పొడుగువాళ్ల మధ్య నాలుగు సీజన్లలో స్కోరింగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు.

మేం రోజూ చేసే సాధన మైకన్ డ్రిల్. రింగ్ కింద నిలబడి కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి, బంతి నేలను తాకకుండా వేస్తూ పోవాలి. ఎడమచేయి ముఖ్యం. రెండు వైపుల నుంచీ వేయగలిగితే ఎటు కాపు కాయాలో డిఫెండర్‌కు తెలియదు. తమాషా ఏమిటంటే, ఈ డ్రిల్‌కు పేరిచ్చిన జార్జ్ మైకన్ 6 అడుగుల 10 అంగుళాల మనిషి! అంత పొడుగువాడికే ఇంత సాధన అవసరమైతే మనకు వేరే చెప్పాలా?

దీనికి జట్టు అక్కర్లేదు. ఒక బంతి, ఒక రింగ్ చాలు. కొత్త ఊళ్లో ఇంకా స్నేహితులు దొరకని మొదటి వారంలో కూడా సాయంత్రం ఒంటరిగా చేసుకోవచ్చు. రెండో వారానికి "మా జట్టులోకి వస్తావా?" అని వాళ్లే అడుగుతారేమో!