నదియొడ్డు బసలో ఒక రాత్రి

వానలు కురిస్తేనే నీళ్ళు కనబడే మన కాణిపాకము బాహుదా ఒడ్డునుండి నేపాలులోని ముక్తినాథ్‌దాకా యాత్రకు వెళ్ళేవారున్నారు. దారిలో కాళీగండకి నది ప్రక్కన జోమ్సోమ్ అనే చిన్న ఊరు, అందులో చిన్న చిన్న లాడ్జీలు ఉన్నాయి. వాటిని ఎక్కువగా థకాలీ కుటుంబాలే నడుపుతాయి. వీరి పూర్వికులు టిబెట్టు ఉప్పును ధాన్యముతో మార్చుకున్న వర్తకులు. 1959 తరువాత ఆ వ్యాపారము క్షీణించగా, బాటసారులకు వండిపెట్టడమే చాలామందికి జీవనాధారమైనది.

అన్నము, పప్పు, ఆకుకూర, ఊరగాయ. చాలుననేవరకు వడ్డిస్తారు. కొన్ని ఇండ్లలో భోజనపు బల్లక్రింద బొగ్గుల కుంపటి పెట్టి, చుట్టూ దుప్పటి వ్రేలాడదీస్తారు. కాళ్ళు లోపల చాపుకుంటే చలి తెలియదు. మన అవ్వలకు ఇంతకంటె ఏమి కావాలి!

తొందరపడి ఈ రాత్రిని మానుకోకండి. పొఖరా ఎత్తు 800 మీటర్లు దాటితే జోమ్సోమ్ 2,700, ముక్తినాథ్ 3,700 మీటర్లు. ఒక్కరోజులో అంత పైకి పోతే తలనొప్పి, వాంతులు, ఆయాసము రావచ్చు. అవి ముదిరితే ఇంకా పైకి పోక వెంటనే క్రిందికి దిగాలి. గుండెజబ్బు, ఉబ్బసము గలవారు బయలుదేరకముందే డాక్టరునడగాలి.

మధ్యాహ్నమునకు లోయలో గాలి విపరీతముగా వీస్తుంది గనుక విమానాలు ఉదయమే తిరుగుతాయి, మబ్బు పడితే అవీ ఆగిపోతాయి. తిరుగు రైలు టిక్కెట్టు రెండు రోజులు ఎడముంచి తీసుకోండి.