ప్లగ్గు మార్చేవేళ తొందర వద్దు

సేలం నుంచి సరుకు వేసుకుని వస్తున్నాను. తొప్పూరు కనుమ ఎక్కుతుండగా మా పికప్పు బండి కుదుపులు మొదలెట్టింది. వెనుక లారీలు వరుస కట్టాయి. ఆ దారి సంగతి మా ధర్మపురి వాళ్లకు చెప్పనక్కరలేదు. ఎలాగో ఇల్లు చేరాను. ప్లగ్గులు మార్చి చాలా కాలమైందని అప్పుడు గుర్తొచ్చింది.

వెంటనే మార్చేద్దామనిపించినా ఆగాను. కొన్నేళ్ల కిందట ఇలాగే తొందరపడి, వేడి ఇంజను మీద చెయ్యిపెట్టి వేళ్లు కాల్చుకున్నాను. అంతటితో పోలేదు. కొత్త ప్లగ్గును మొదటినుంచీ పానాతోనే బిగించాను. అది వంకరగా ఎక్కింది. ప్లగ్గు ఉక్కుది, సిలిండర్ హెడ్డు అల్యూమినియంది. చెడింది హెడ్డులోని మరే. దాన్ని విప్పించి తొడుగు వేయించేదాకా, మామిడి కాలమంతా అద్దె బండే దిక్కయింది.

ఈసారి రాత్రంతా ఇంజను చల్లారనిచ్చాను. పొద్దున చదునైన చోట బండి నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. ప్లగ్గుకు అందే కరెంటు వేల వోల్టులు మరి! మా బండికి ఇంజను సీటు కింద ఉంటుంది. సీటెత్తి, ప్లగ్గుల చుట్టూ దుమ్ము ఊదేశాను. లేకుంటే అది సిలిండర్లో పడుతుంది. వైర్లు తారుమారు కాకుండా ఒక్కొక్క ప్లగ్గే మార్చాలి. వైరు పట్టి లాగకూడదు, టోపీ పట్టుకునే తీయాలి.

పాతవాటిలో మూడు లేత గోధుమ రంగులో ఉన్నాయి, అది మంచి గుర్తు. నాలుగోది మసిబారింది. నూనె తడి కనిపిస్తే మాత్రం మెకానిక్కుకు చూపించాలి.

"చేత్తోనే తిప్పు తల్లీ, మర పట్టేదాకా" అన్నాను మా అమ్మాయితో.

"మర అంటే ఏంది నాయనా?"

"తమిళంలో మరై అంటారే, అదే."

"ఓ, అదా!" అని నవ్వింది. రబ్బరు గొట్టం ముక్కకు ప్లగ్గు తొడిగి తనే తిప్పింది. మర తప్పితే గొట్టం జారిపోతుంది, కనుక బలవంతం చేసే వీలుండదు. ప్లగ్గు ఆనేదాకా తిప్పాక పానా అందుకున్నాను. బిగింపు లెక్క బండి పుస్తకంలో ఉంటుంది. మామూలుగా వాషరున్న కొత్త ప్లగ్గుకు అరచుట్టు నుంచి మూడింట రెండొంతుల చుట్టు చాలు. మొన యెడం కూడా పుస్తకం ప్రకారమే ఉండాలి.

డీజిల్ బండికి ఈ ప్లగ్గులుండవు. గ్యాసు బండైతే షెడ్డుకే తీసుకెళ్లండి. పెట్రోలు వాసన వచ్చినా, మర సాఫీగా తిరగకపోయినా అక్కడే ఆపేయండి.

మరుసటి వారం అదే కనుమ ఎక్కాను. బండి కుదపలేదు. పక్కన కూర్చున్న మా అమ్మాయి "మరై బాగా పట్టింది నాయనా" అంది. "మర" అని దిద్దాను.