పెదవి కుట్టాక మిగిలే పని

పెదవితో పాటు అంగిలి కూడా చీలి పుట్టిన బిడ్డకు ‘అమ్మ’ అనడం వస్తుంది. ‘పాప’ అనడం కష్టం. ‘మ’ పలికేటప్పుడు గాలి ఎలాగూ ముక్కులోంచే పోవాలి. ప, బ, క, గ పలకాలంటే మాత్రం గాలి నోట్లో నిలబడాలి. అంగిలిలో సందు ఉంటే అది ముక్కులోకి జారిపోతుంది. ఇంట్లోవాళ్లేమో తొలిమాట విని, మాటలొచ్చేశాయని సంబరపడతారు.

గ్రహణం మొర్రికి ఏ ఆపరేషన్ మేలు అని అడిగేవాళ్లు ముందుగా ఈ సంగతి తెలుసుకోవాలి. పెదవికి వేసే కుట్టు ముఖం కోసం, అంగిలికి వేసే కుట్టు మాట కోసం. ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో తల్లిదండ్రులకు మొదటి కుట్టు గురించి ఎంత తెలుసో రెండోదాని గురించీ అంత తెలియాలి.

ఉమ్మడి రాష్ట్రంలో 2001లో కడప, మెదక్, కృష్ణా జిల్లాల్లో హైదరాబాద్ సర్జన్ డాక్టర్ గోస్లా శ్రీనివాస్ రెడ్డి బృందం ఈ పిల్లల లెక్క తీసింది. ప్రతి 1000 కాన్పులకు 1.09 మంది తేలారు. వాళ్లలో 64 శాతం మందికి పెదవీ అంగిలీ రెండూ చీలి ఉన్నాయి. అంటే ముగ్గురిలో దాదాపు ఇద్దరికి ఒక్క ఆపరేషన్‌తో పని తీరదు. మేనరికాలకూ మొర్రికీ గట్టి సంబంధం కనిపించిందని కూడా ఆ అధ్యయనం చెప్పింది. మన వైపు మేనరికాలు మామూలే కాబట్టి ఈ మాట పెళ్లిమాటల నాడే గుర్తుకు రావాలి. గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకుందని కోడలిని ఆడిపోసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కడుపులో పెదవి కలిసేది 7 వారాల లోపే, అంగిలి మూసుకునేది 12 వారాల లోపు. చాలామందికి నెల తప్పిన సంగతి ఖాయమయ్యే వేళకే పెదవి ఏర్పడిపోయి ఉంటుంది. ఆ తల్లి తప్పేమీ లేదు.

ఇక కోతల సంగతి. చీలిన వైపు పెదవి పొట్టిగా ఉంటుంది. అంచులను తిన్నగా కలిపి కుట్టేస్తే, మచ్చ ముడుచుకుని పెదవిని పైకి లాగేస్తుంది. దాన్ని కిందికి దించడం ఎలా అన్నదే పద్ధతులన్నిటి వెనక ఉన్న చిక్కు. 1952లో టెనిసన్, తర్వాత రాండాల్ అనే సర్జన్లు త్రికోణం దారి పట్టారు. ఒకవైపు నుంచి చిన్న త్రికోణపు ముక్కను తెచ్చి, రెండోవైపు చేసిన కోతలో ఇమిడ్చారు. కొలిచి, గీతలు గీసుకుని చేసే పని ఇది. పొడవు చక్కగా వస్తుంది గానీ, మచ్చ ముక్కు కింది గాడిని అడ్డంగా దాటుతుంది. 1955లో స్టాక్‌హోమ్ సదస్సులో మిల్లార్డ్ తన పద్ధతి చూపించారు. ముక్కు కింద వంపుగా కోసి, పెదవిని కిందికి తిప్పి, ఏర్పడిన ఖాళీలోకి పక్క భాగాన్ని జరపడం ఆయన ఉపాయం. మచ్చ సహజమైన గీతలో దాక్కుంటుంది. చీలిక మరీ వెడల్పైతే మాత్రం పెదవి పొట్టిగా మిగిలిపోవచ్చు. జర్మనీకి చెందిన ఫైఫర్ అలలాగా వంపులు తిరిగే కోత పెట్టారు. కుట్టేటప్పుడు ఆ వంపులు సాగి పొడవునిస్తాయి.

ఈ కోతల పోలిక మన హైదరాబాద్‌లోనే పెద్ద ఎత్తున జరిగింది. మిల్లార్డ్, ఫైఫర్ కోతలను శ్రీనివాస్ రెడ్డి బృందం 796 మంది రోగుల్లో పోల్చి 2008లో ప్రచురించింది. ఆ తర్వాత చీలని వైపు మిల్లార్డ్‌ది, చీలిన వైపు ఫైఫర్‌ది కలిపి ‘అఫ్రోజ్ కోత’ రూపొందించారు. మూడింటినీ 1200 మంది రోగుల్లో పోల్చి 2010లో ఫలితాలు ప్రకటించారు. కొత్త కోతే మెరుగని తేల్చారు. కోత రూపొందించినవాళ్లే కొలత కూడా వేశారని గుర్తుంచుకుని ఆ ఫలితాన్ని చదవాలి. అయినా ఇంతమంది పిల్లల ముఖాలను ఓపికగా కొలిచిన పని తెలుగు నేలమీద జరిగిందంటే గర్వంగా ఉంది.

చంటిబిడ్డ పైపెదవి ఎత్తు సుమారు సెంటీమీటరు. చర్మం, ఎరుపు కలిసేచోట ఉండే సన్నని తెల్లంచు మిల్లీమీటరు తేడాతో కుట్టినా, ఎమ్మిగనూరు మగ్గం మీద అంచు తప్పిన చీరలా ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. కాబట్టి కోత పేరు కంటే, ఆ కోతలో చేయి తిరిగిన సర్జన్ దొరకడం ముఖ్యమని నా నమ్మకం. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని డాక్టరును అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

ఆపరేషన్ బల్ల దాకా చేరడానికి బిడ్డకు బలం కావాలి. సర్జన్లు ఎన్నో ఏళ్లుగా చెప్పుకునే పదుల లెక్క ఉంది: 10 వారాల వయసు, 10 పౌన్ల బరువు (దాదాపు నాలుగున్నర కిలోలు), 10 గ్రాముల హిమోగ్లోబిన్. అంగిలి చీలిన బిడ్డ రొమ్ము పట్టినా పాలు లాగలేదు, తాగినవి ముక్కులోంచి వస్తాయి. పిండిన తల్లిపాలను ఉగ్గుగిన్నెతో పట్టాలి. బిడ్డను పడుకోబెట్టకుండా ఏటవాలుగా ఎత్తిపట్టుకుని, గిన్నె మూతిని పెదవి మీద ఆనించి, గుటక పడ్డాకే ఇంకాస్త వంచాలి. మధ్యమధ్య భుజాన వేసుకుని తేన్పు తెప్పించాలి. ఈ పని నేర్పే నర్సు లేకపోతే ఎంత గొప్ప కోతైనా వాయిదా పడుతూనే ఉంటుంది.

అంగిలి కుట్టడంలో సందు మూసేస్తే చాలదు. పక్కకు తొలగిన కండరాలను మధ్యకు తెచ్చి కలపాలి. ఫర్లో పద్ధతిలో ఇంగ్లిషు ‘జడ్’ ఆకారంలో ఎదురెదురు కోతలు పెట్టి, మెత్తటి అంగిలిని పొడవు చేస్తారు. ఎప్పుడు కుట్టాలన్న దానిమీద 2023లో పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. ఒక్క అంగిలి మాత్రమే చీలిన 558 మంది పిల్లలను ఐరోపా, దక్షిణ అమెరికా ఆస్పత్రుల్లో రెండు జట్లు చేశారు. 5 ఏళ్ల వయసులో, మాట్లాడేటప్పుడు గాలి ముక్కులోకి పోయే లోపం 6 నెలలకు కుట్టినవాళ్లలో 8.9 శాతం మందికి, 12 నెలలకు కుట్టినవాళ్లలో 15 శాతం మందికి కనిపించింది. మత్తు, రక్తం, పసిపిల్లల ఐసీయూ అన్నీ అమరిన చోటి లెక్క ఇది. బరువు పెరగని బిడ్డకు 6 నెలలకే చేయమని పట్టుబట్టకూడదు. కానీ రెండేళ్లు, మూడేళ్లు దాటనిస్తే పిల్లలు తప్పుగా పలకడం అలవాటు చేసుకుంటారు. ఆ తర్వాత కుట్టినా మాట తొందరగా తిన్నబడదు.

మన దగ్గర చిక్కల్లా సుగ్గి కాలం, అంటే కూలి పనులకు వలసపోయే రోజులు. పంట పని అయిపోగానే ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు పత్తికీ మిరపకాయల కోతకూ గుంటూరు దాకా వెళ్తాయి. చంటిపిల్లలనూ తీసుకెళ్తాయి. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రే వంద కిలోమీటర్లు. పెదవి కుట్టించుకుని వెళ్లిన బిడ్డకు అంగిలి ఆపరేషన్ తేదీ సరిగ్గా మిరప కళ్లాల్లో ఉండగా వస్తే ఆ కూలీ తల్లి ఏం చేస్తుంది? డిశ్చార్జి చేసేటప్పుడే రెండో తేదీని సుగ్గి చూసుకుని వేయాలి. కాగితం మీద రాసి, ఆశా కార్యకర్తకూ ఒక నకలు ఇవ్వాలి. పుట్టుకతో వచ్చే లోపాలను వెతికే రాష్ట్రీయ బాల స్వాస్థ్య బృందాలు 2013 నుంచి ఉన్నాయి. అంగన్‌వాడీలో అంగిలి కుట్టని బిడ్డ కనిపిస్తే అవే మళ్లీ దారి చూపాలి.

ఖర్చు భయం అక్కర్లేదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ఈ రెండు ఆపరేషన్లకూ వర్తిస్తుంది. కార్డు సొంత జిల్లాలోనే చెల్లుతుందనేమీ లేదు. మిరపకాయలకు వెళ్లిన తల్లి గుంటూరులోని నెట్‌వర్క్ ఆస్పత్రిలోనూ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర దగ్గర బిడ్డ పేరు రాయించుకోవచ్చు.